లేఖన పఠనం, దేవుని పిలుపు: వినికిడి సాగివచ్చిన దారి

క్రైస్తవ సంఘంలో లేఖన పఠనం, అంటే ఆరాధనవేళ పరిశుద్ధ గ్రంథభాగాన్ని అందరూ వినేలా చదవడం, ఆది నుంచీ కంటికన్నా చెవికే ఎక్కువగా చెందిన సాధన. చేతిరాత ప్రతులు ఖరీదైనవి కావడం, చదవనేర్చినవారు కొద్దిమందే ఉండటం వల్ల విశ్వాసుల్లో అత్యధికులకు శతాబ్దాలపాటు వాక్యం మరొకరి నోటి నుంచే అందింది. దేవుని పిలుపు, అంటే మనిషిని ఒక నిర్దిష్ట జీవనమార్గంలోకి రమ్మనే దైవాహ్వానం, ఏకాంతంలో ఒక్కరికే తెలిసే రహస్యమని నేడు అనేకులు తలుస్తున్నా, ఇక్కడ చూడబోయే చరిత్రలో ఆ పిలుపు దాదాపు ప్రతిసారీ మరొక మనిషి తోడుతోనే వినబడింది.

మొదటి సమూయేలు గ్రంథం 3వ అధ్యాయంలో, షిలోహు మందిరంలో పడుకున్న బాలుడు సమూయేలు తన పేరు వినబడిన మొదటి మూడుసార్లూ వృద్ధ యాజకుడైన ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. పిలుస్తున్నది ఎవరో గ్రహించి, ఎలా బదులు పలకాలో నేర్పినవాడు చూపు మందగించిన ఆ ఏలీయే. తీరా వచ్చిన సందేశం తన ఇంటిమీది తీర్పే అయినా, దాన్ని దాచకుండా చెప్పించుకుని తలవంచడంలో అతని గొప్పతనం ఉంది.

మూడో శతాబ్దిలో ఈజిప్టు యువకుడైన అంతోని, తల్లిదండ్రులు మరణించిన కొద్ది నెలలకు చర్చిలో అడుగుపెట్టేసరికి, ధనవంతుడైన యువకుణ్ణి ఆస్తి అమ్మి పేదలకిమ్మని యేసు ఆదేశించిన మత్తయి సువార్త భాగం చదువుతున్నారు. అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ రాసిన జీవితచరిత్ర ప్రకారం, అంతోని ఆ దేశపు కొలతలో 300 అరూరాల తన పొలాన్ని, అంటే సుమారు 200 ఎకరాలను, ఊరివారికి ఇచ్చివేసి, చెల్లెలికోసం మాత్రం కొంత సొమ్ము ఉంచుకున్నాడు. మరోసారి చర్చికి వెళ్లినప్పుడు రేపటిని గూర్చి చింతించవద్దన్న వాక్యం చెవినబడగా, ఆ మిగిలినదీ పంచిపెట్టి, చెల్లెలిని నమ్మకస్తులైన కన్యల సంరక్షణలో ఉంచి తపోజీవనానికి వెళ్లిపోయాడు. ఆ చెల్లెలు ఏమనుకున్నదో ఆ గ్రంథం చెప్పదు. ఒకరు విన్న పిలుపుకు పక్కవారి బతుకు కూడా మారిపోతుందన్న సంగతిని శ్రద్ధగల పాఠకులు తేలికగా దాటిపోకూడదు.

అంతోని వృత్తాంతమే 386లో మిలాన్ నగరంలో అగస్తీన్‌కు దారి చూపింది. తోటలో కన్నీరుమున్నీరవుతున్న అతనికి, తీసి చదవమంటున్న పసిగొంతు వినబడినప్పుడు, వాక్యం విని కదిలిపోయిన అంతోని గుర్తుకు వచ్చి, పౌలు రోమీయులకు రాసిన పత్రిక తెరిచి కంటబడిన భాగం చదివాడు. పక్కనే ఉన్న మిత్రుడు అలీపియస్ ఆ తరువాతి వాక్యం చదివి, బలహీన విశ్వాసిని చేర్చుకోమన్న మాటను తనకు అన్వయించుకున్నాడు. అస్సీసి ఫ్రాన్సిస్ కూడా శిష్యులను పంపిన సువార్త భాగం విన్నాక, దాని అర్థం వివరించమని యాజకుణ్ణి అడిగి తెలుసుకున్న తరువాతే చెప్పులు, చేతికర్ర విడిచిపెట్టాడు.

12వ శతాబ్దిలో ఆల్ప్స్ పర్వతాలలోని గ్రాండ్ షార్‌ట్రూజ్ మఠాధిపతి రెండవ గిగో, లేఖన పఠన సాధనను పఠనం, మననం, ప్రార్థన, దైవదర్శనం అనే నాలుగు మెట్ల నిచ్చెనగా వివరించాడు. ఇక్కడ మననమంటే విన్న మాటను బుద్ధితో నెమరువేయడం. దైవదర్శనమంటే మాటలు ఆగి మనసు దేవునియందు నిలవడం. పఠనం లేని మననం దారి తప్పుతుందనీ, మననం లేని పఠనం ఎండిపోతుందనీ అతను హెచ్చరించాడు. ఎవరి గదిలో వారు మౌనంగా జీవించే ఆ మఠంలోనూ ఈ రచనను అతను గెర్వాసు అనే సహోదరునికి లేఖగానే రాసి, తన ఆలోచనలను అనుభవజ్ఞుడైన అతనే పరిశీలించి సరిదిద్దాలని కోరాడు.