కంప్యూటరు నంబరు చెబుతుంది, రోగం మనమే వెతకాలి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో యేటా చదువుల గురించి, కట్నాల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మాకు యిచ్చిన విషయం ‘మన పిల్లల వృత్తి విద్య’. అది సముద్రమంత విషయం. కనుక మేము ఒక్క చిన్న వస్తువును పట్టుకొని మాట్లాడదలిచాము. అది బొటనవ్రేలంత వుంటుంది, కారు ఇంజనుకు బిగించి వుంటుంది. పేరు పొజిషన్ సెన్సార్. నవ్వకండి. ఈ హాలులో కూర్చున్న కుటుంబాలలో ఎన్ని పొయ్యిలు మెకానిక్ షెడ్డు మీద, టాక్సీ మీద, ఆటో ఎలక్ట్రీషియన్ పని మీద వెలుగుతున్నాయో లెక్క చూసుకుంటే నవ్వు రాదు.

మేము మెకానిక్కులము కాము. ఉర్దూ మీడియంలో సైన్సు చెప్పుకునే పంతుళ్లము. అయితే అయస్కాంతం, తీగచుట్ట, వోల్టేజి అనే పాఠాలు మాకు యేటా తప్పవు. ఆ పాఠాలే ఇప్పుడు షెడ్డులోకి వచ్చి కూర్చున్నాయి. మన వద్ద చదివి షెడ్డుకు పోయిన పిల్లలు వచ్చి, ‘సార్, స్కానర్ పెట్టి చూశాం, నంబరు వచ్చింది, సామాను మార్చాం, బండి మళ్లీ అంతే’ అని చెప్పుకుంటూ వుంటే, పాఠం మళ్లీ చెప్పవలసిన బాధ్యత మా మీద పడింది.

ముందు ఇంజను సంగతి. పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి. ఆ ఆటను గుండ్రని తిరుగుడుగా మార్చేది క్రాంక్ షాఫ్టు. (నీరు తోడే యంత్రంలో క్రాంకును వాడే విధానాన్ని అల్-జజరీ 1206లో పూర్తిచేసిన తన గ్రంథంలో బొమ్మతో సహా వర్ణించాడు. ఆ పేరు మన పిల్లలకు తెలియాలి. కాని పేరు చెప్పుకొని కూర్చుంటే బండి స్టార్టు కాదు.) వాల్వులను తెరిచి మూసేది కామ్ షాఫ్టు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఈ రెండింటికీ లెక్క తప్పకూడదు.

పాత అంబాసిడర్‌లో స్పార్కు ఎప్పుడు పడాలో డిస్ట్రిబ్యూటర్ లోపలి పాయింట్లు నిర్ణయించేవి. ఉస్తాదు ఫీలర్ గేజి పెట్టి గ్యాప్ చూసేవాడు, చెవి ఒగ్గి విని టైమింగ్ సరిచేసేవాడు. ఆ చెవి ఒక తరం కుటుంబాలను పోషించింది. 2014లో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6 నిబంధన వచ్చాక కొత్త బండ్లన్నీ కంప్యూటరు చేతిలోనే వున్నాయి. పాయింట్లు చేసిన పని ఇప్పుడు ఇ.సి.యు. అనే పెట్టె చేస్తున్నది. అయితే ఆ పెట్టెకు కళ్లు లేవు గదా! క్రాంకు ఎక్కడ వున్నదో, కామ్ ఎక్కడ వున్నదో, ఎక్సిలేటర్ తొక్కితే గాలి తలుపు, అంటే త్రాటిల్, ఎంత తెరుచుకున్నదో ఎవరో ఒకరు చెప్పాలి. అలా చెప్పేవే పొజిషన్ సెన్సార్లు.

క్రాంకుతోపాటు ఒక పళ్ల చక్రం తిరుగుతూ వుంటుంది. చాలా బండ్లలో దానికి 60 పళ్లకు చోటు వుండి, రెండు పళ్లు కావాలని వదిలేసి 58 మాత్రమే వుంచుతారు. ఒక్కో పంటికి 6 డిగ్రీలు. ఆ ఖాళీ రాగానే ‘లెక్క ఇక్కడినుంచి’ అని కంప్యూటరు గుర్తు పడుతుంది. తస్బీహ్ తిప్పుతూ వుంటే ఇమామ్ పూస తగలగానే చూడకుండానే వేలికి తెలుస్తుంది చూడండి, అచ్చం అలాగే.

ఈ సెన్సార్ల మాట సరిగ్గా అందకపోతే డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ లైటు వెలుగుతుంది. స్కానర్ పెడితే ఒక నంబరు వస్తుంది. ఉదాహరణకు పి 0335. ఈ నంబరు చదవడం కష్టం కాదు. ‘పి’ అంటే ఇంజను, గేర్ల వైపు. తరువాతి సున్నా అంటే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం. అక్కడ 1 వుంటే సాధారణంగా అది ఆ కంపెనీ సొంత కోడ్, వాళ్ల పుస్తకం చూడాలి. ఆ తరువాతి 3 స్పార్కుకు సంబంధించిన విభాగం. 1 వుంటే గాలి, పెట్రోలు కొలత విభాగం. చివరి రెండు అంకెలు అసలు ఫిర్యాదు.

ఇక అసలు మాటకు వస్తున్నాము. పి 0335 అంటే ‘క్రాంక్ సెన్సార్ పాడైంది’ అని కాదు. ‘క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం’ అని. సర్క్యూట్ అనే ఆ ఒక్క మాట దగ్గరే మనవాళ్లు డబ్బూ పేరూ పోగొట్టుకుంటున్నారు. కంప్యూటరుకు సెన్సార్ కనిపించదు. తన గుమ్మం దాకా వచ్చిన వోల్టేజి మాత్రమే కనిపిస్తుంది. రావలసినవాడు రాలేదని గుమ్మంలో నిలబడినవాడు చెప్పగలడు గాని, వాడు ఇంట్లోనే పడుకున్నాడా, దారిలో వంతెన తెగిందా అని చెప్పలేడు. సెన్సార్, దాని సాకెట్, వైరు, ఎర్తు, చివరకు ఆ కంప్యూటరు పెట్టె, వీటిలో ఏది చెడినా నంబరు అదే రావచ్చు.

మన పేటలోని ఒక సోదరుని టాక్సీ సంగతి చెబుతాము. కిస్తీ మీద కొన్న బండి. లైటు వెలిగింది, పికప్ పోయింది. వచ్చిన కోడ్ పి 0122, అంటే త్రాటిల్ పొజిషన్ సెన్సార్ వోల్టేజి తక్కువ. ఒక షెడ్డువారు సెన్సార్ మార్చారు. రెండు రోజులకు మళ్లీ అదే లైటు. ఈసారి త్రాటిల్ బాడీయే మార్చాలన్నారు, అదీ మార్చారు. లైటు పోలేదు. ఆ నెల కిస్తీ కట్టలేక ఇంట్లో నగ బ్యాంకుకు పోయింది. చివరకు మన పిల్లవాడొకడు మీటరు పెట్టి చూస్తే సెన్సార్ సాకెట్‌కు రావలసిన 5 వోల్టులు రావడం లేదు. వైరు వెంట పోతే బ్యాటరీ కింద ఎలుక కొరికింది. జానెడు వైరు, కాస్త సోల్డరింగు, పైన స్లీవు. అంతే పని.

ఆ 5 వోల్టుల లెక్క తల్లులకు కూడా అర్థమయ్యేదే. తీగతో నడిచే పాతరకం త్రాటిల్ సెన్సార్‌కు మూడు వైర్లు. ఒకదానిలో 5 వోల్టులు వస్తాయి, ఒకటి ఎర్తు, మూడోది కబురు తీసుకుపోయేది. తలుపు మూసి వుంటే కబురు వైరులో సుమారు అర వోల్టు, పూర్తిగా తెరిస్తే సుమారు నాలుగున్నర. నెమ్మదిగా తొక్కుతూ పోతే మీటరులో అంకె నెమ్మదిగా పెరగాలి. మధ్యలో ఒక్కసారి పడిపోయి మళ్లీ లేస్తే లోపలి పట్టీ అక్కడ అరిగినట్టు. 5 వోల్టుల వైరు తెగితే కబురు సున్నాకు పడిపోతుంది, ‘తక్కువ’ అనే పి 0122 వస్తుంది. ఎర్తు వైరు తెగితే? పిల్లలంతా ‘అప్పుడూ తక్కువే’ అంటారు. కాదు! దిగిపోయే దారి మూసుకుపోయింది గనుక కబురు వైరు 5 వోల్టుల వైపు ఎగబాకుతుంది, ‘ఎక్కువ’ అనే పి 0123 వస్తుంది. ఇంత మాత్రం తెలిసినవాడు సెన్సార్ కొనకముందే సాకెట్ విప్పి చూస్తాడు. పెడల్ కింద తీగ లేని కొత్త బండ్లలో రెండేసి సెన్సార్లు ఒకదానికొకటి సాక్షిగా వుంటాయి. సాక్ష్యాలు కలవకపోతే పి 2135 వస్తుంది. అక్కడ పని ఇంకా జాగ్రత్తగా చేయాలి, త్రాటిల్ తలుపులో వేలు పెట్టకూడదు.

ఇంకొకటి. నాలుగైదు సెన్సార్ల కోడ్లు ఒకేసారి వస్తే నాలుగైదూ ఒకేరోజు చచ్చిపోయాయని అనుకోకండి. అందరికీ 5 వోల్టులు పంచేది తరచు ఒకే కాలువ. ఒక్క సెన్సార్ లోపల షార్టయితే అందరి నీళ్లూ ఆగిపోతాయి. ఒక్కొక్క సాకెట్ తీస్తూ పోతే, ఏది తీయగానే 5 వోల్టులు తిరిగి వస్తాయో అదే దొంగ.

ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చే సంగతి. ఒక పెళ్లివారి బండి గిద్దలూరు నుంచి నంద్యాల పోతూ నల్లమల ఘాటులో రాత్రిపూట టక్కున ఆగిపోయింది. లోపల ఆడవాళ్లు, పసిపిల్లలు. అరగంట ఆగి సెల్ఫ్ కొడితే స్టార్టయింది. మళ్లీ కొంత దూరం పోయి ఆగింది. ఊరు చేరాక షెడ్డులో పొద్దున్నే చూస్తే బండి బంగారంలా వున్నది! ఇది క్రాంక్ సెన్సార్‌కు బాగా తెలిసిన జబ్బు. రెండు వైర్ల సెన్సార్ లోపల సన్నని తీగచుట్ట వుంటుంది. వేడెక్కినప్పుడు తీగ విడిపోతుంది, చల్లబడితే అంటుకుంటుంది. చల్లగా వున్నప్పుడు కొలిస్తే ఏ లోపమూ కనిపించదు. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో సెన్సార్‌ను వేడిచేస్తూ ఓములు కొలవాలి. చల్లగా వున్నప్పుడు కొన్ని వందలో వెయ్యి చిల్లరో చూపిన మీటరు, వేడెక్కగానే అంతులేనిది చూపిస్తే దోషి దొరికినట్టే. అప్పుడు సెన్సార్ మార్చండి, సంకోచం వద్దు.

మూడు వైర్ల సెన్సార్ వేరు జాతి. అది 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం మీద నడుస్తుంది, లోపల చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూటు వుంటుంది. దానికి ఓములు కొలవడం వృథా. తాళం ఆన్ చేసి సాకెట్‌కు కరెంటు, ఎర్తు వస్తున్నాయా చూడాలి. తరువాత సాకెట్ తగిలించి, ఇంజనును చేత్తో నెమ్మదిగా తిప్పుతూ కబురు వైరు ఎక్కుతూ దిగుతూ వున్నదా చూడాలి. పాత అలవాటు కొద్దీ బల్బు టెస్టర్ పెట్టవద్దు. ఆ బల్బు లాగే కరెంటుకు ఇ.సి.యు. దెబ్బతినవచ్చు, దాని ఖరీదు మీకు తెలుసు. వైరు తోలుకు సూది గుచ్చి చూడడం కూడా మానాలి. ఆ రంధ్రంలో వానాకాలం తేమ చేరి, ఆరునెలల తరువాత అదే కొత్త రోగమవుతుంది.

మీటరు కంటే ముందు ఒక సులువైన పరీక్ష వున్నది. బండి స్టార్టు కావడం లేదంటే, స్కానర్‌లో ఆర్.పి.ఎం. అంకె చూస్తూ సెల్ఫ్ కొట్టండి. ఇంజను తిరుగుతున్నా అంకె సున్నా దగ్గరే వుంటే క్రాంకు కబురు అందడం లేదు. రెండు వందల దరిదాపుల్లో చూపిస్తే కబురు వస్తూనే వున్నది, పెట్రోలు పంపు వైపు చూసుకోండి. అర నిమిషం పని. స్కానర్ కొన్నవాళ్లు కూడా ఇది చూడరు. నంబరు చదివి వెంటనే చెరిపేస్తారు. చెరపకండి. లోపం వచ్చిన క్షణంలో ఇంజను వేడి ఎంత, వేగం ఎంత అని కంప్యూటరు రాసిపెట్టుకున్న వివరం కూడా దానితో చెరిగిపోతుంది. ముందు కాగితం మీద ఎక్కించుకోవాలి. ఇటీవల ఏ పని చేయించారని బండివారిని అడగాలి. క్లచ్ పని చేసిన మర్నాడే క్రాంకు కోడ్ వచ్చిందంటే, గేర్‌బాక్సు దించినప్పుడు సాకెట్ సరిగా కూర్చోలేదేమో, వైరు నలిగిందేమో చూడాలి.

పి 0016 అనే కోడ్ గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాము. క్రాంకు లెక్క, కామ్ లెక్క ఒకదానితో ఒకటి కలవడం లేదని దాని ఫిర్యాదు. తరచుగా సెన్సార్లు రెండూ నిజమే చెబుతూ వుంటాయి, టైమింగ్ బెల్టో చైనో సాగి పన్ను దాటి వుంటుంది. సెన్సార్లు మార్చి లైటు చెరిపి పంపిస్తే, ఇంకో పన్ను దాటిననాడు కొన్ని ఇంజన్లలో పిస్టన్ వెళ్లి వాల్వును కొడుతుంది. అప్పుడు హెడ్ విప్పాలి. నిజం చెప్పిన సాక్షిని కొట్టి పంపినట్టు వుంటుంది ఈ వ్యవహారం. ఇంకొకరి బండి మన షెడ్డులో వున్నంతసేపు అమానత్ అని పెద్దలకు మేము చెప్పనక్కరలేదు.

పిల్లలకు చేతిపని రాక కాదు ఇదంతా. వాళ్ల చేతికి వచ్చే మాన్యువల్ ఇంగ్లీషులో వుంటుంది, పేజీ తెరవగానే బెదిరిపోతారు. మేము చూసినంతలో ఈ సెన్సార్ల కోడ్లకు కావలసిన ఇంగ్లీషు మాటలు ఆరే. సర్క్యూట్, లో అంటే కమ్, హై అంటే జ్యాదా, ఇంటర్‌మిటెంట్ అంటే కభీ కభీ, రేంజ్ అంటే హద్దు, కోరిలేషన్ అంటే ఆపస్ కా మేల్. ఈ ఆరూ గోడ మీద ఉర్దూలో, తెలుగులో రాసి వేలాడదీస్తే నెలలోగా నోటికి వస్తాయి. అంకెలకు మీడియం లేదు గదా. పది పాసైనవాడు ఐ.టి.ఐ.లో మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్ల కోర్సులో చేరితే మరీ మంచిది. ఇంటి బరువు వల్ల చేరలేనివాళ్ల కోసమే మా మనవి.

సంఘం ఒక స్కానర్, మూడు మంచి మల్టీమీటర్లు కొనాలి. ఒక మీటరు చాలా సెన్సార్ల ఖరీదు లోపలే వస్తుంది. దీనిని జకాత్ నుంచి తీయవచ్చునా, సాధారణ నిధి నుంచా అన్నది ఉలమా చెప్పవలసిన మాట, మేము జోక్యం చేసుకోము. ఆదివారాలు జుహర్ తరువాత ఈ హాలులోనే పదిమందికొక జట్టుగా పాఠం చెబుతాము. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివిన మన ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు వున్నారు. సోల్డరింగు మాకంటే వాళ్లకే బాగా వచ్చు. తండ్రులు ఒప్పుకుంటే ఆ భాగం వాళ్లు చెబుతారు.

చేరదలచినవారు జుమా నమాజు తరువాత కార్యదర్శి గారి వద్ద పేర్లు రాయించండి. షెడ్డు యజమానులకు ఒక కోరిక. మార్చి మూల పడేసిన పాత సెన్సార్లు సంచిలో వేసి పంపండి. మొదటి ఆదివారం వాటినే బల్ల మీద పెట్టి, అందులో బాగున్నవి ఎన్నో ఒక్కొక్కటి కొలిచి చూద్దాం.