డిగ్రీ నిబంధనలలో తెలుగుకు చోటున్నది – అడిగి తీసుకోవలసినది మనమే

(సరిహద్దు జిల్లాల తెలుగు తల్లిదండ్రుల కోసం చెన్నైలో ఏర్పాటైన సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం డిగ్రీ ప్రవేశ నిబంధనలు. సభలో చెప్పుకోవడానికి ఇది అంత ఉత్సాహం కలిగించే విషయం కాదు. కాని ఒక భాష భవిష్యత్తు చాలాసార్లు ఇటువంటి నిబంధనలలోనే తేలిపోతుంది. ఈ నగరానికి అది కొత్త సంగతి కాదు. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయంలో, ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్ళలో, ఇంటర్మీడియట్ విద్యార్థులు వ్యాసరచన ఎటువంటి తెలుగులో చేయాలన్న ప్రశ్న తలెత్తింది. గిడుగు రామమూర్తి పంతులు గారు, జయంతి రామయ్య పంతులు గారు చెరొక పక్షాన నిలిచి వాదించారు. గిడుగు వారు 1913లో 'ఎ మెమొరాండం ఆన్ మోడరన్ తెలుగు' అనే గ్రంథాన్ని ఇంగ్లీషులో వెలువరించారు. పరీక్షా నియమం చుట్టూ రేగిన ఆ వాదం, ఈనాడు మనం పత్రికలలో చదువుకొనే తెలుగుకు దారి తీసిన కారణాలలో ఒకటి. ఆనాటి ప్రశ్న 'ఏ తెలుగు?' అన్నది. ఈనాడు మన పిల్లల ముందున్న ప్రశ్న 'అసలు తెలుగు ఉంటుందా?' అన్నది.

ఈ ప్రశ్నకు నా సమాధానం ఒక్కటే. పాఠశాల చట్టం మన భాషను ప్రక్కకు నెట్టిన మాట నిజమే గాని, విశ్వవిద్యాలయ నిబంధన నెట్టలేదు. అక్కడ తెలుగుకు ఇంకా చోటున్నది. ఆ చోటును మనం అడగక పోగొట్టుకొంటున్నాము.

పాఠశాలలో జరిగినది

తమిళనాడు తమిళ అధ్యయన చట్టం 2006లో వచ్చింది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున పెరిగి, 2015-16 నాటికి పదవ తరగతి వరకు తమిళం పార్ట్ 1 భాషగా తప్పనిసరి అయింది. మాతృభాష తమిళం గాని ఇంగ్లీషు గాని కానివారు తమ భాషను ఐచ్ఛికాంశంగా చదువుకోవచ్చునని ఆ చట్టం చెప్పింది. అంతవరకు మొదటి వరుసలో ఉన్న తెలుగు చివరి వరుసకు వెళ్ళింది. భాషా అల్పసంఖ్యాకులు మద్రాసు హైకోర్టుకు వెళ్ళారు. పదవ తరగతి పరీక్షలో తమిళ పత్రం నుండి మినహాయింపులు పొందారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును మరొక ఏడాదికి పొడిగించింది. ఇదంతా మీరు అనుభవించినదే.

కాని ఆ చట్టం పరిధి పదవ తరగతితో ముగుస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. ప్లస్ టూలో పార్ట్ 1 భాషగా తెలుగును తీసుకొనే వీలు మళ్ళీ వస్తుంది. డిగ్రీలోనూ ఉన్నది. పదేళ్ళు అలవాటు పడిన మనమే, 'ఇక తెలుగు లేదు' అని నిర్ణయించుకొని దరఖాస్తు నింపుతున్నాము.

పార్ట్ 1, పార్ట్ 4

మద్రాసు విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలలలో 2008-09 నుండి క్రెడిట్ల పద్ధతి అమలులోకి వచ్చింది. దాని అమరిక తెలుసుకొంటే మన హక్కు ఎక్కడున్నదో తెలుస్తుంది. పార్ట్ 1 భాష. పార్ట్ 2 ఇంగ్లీషు. పార్ట్ 3 ప్రధానాంశాలు, అనుబంధాంశాలు. పార్ట్ 4లో ఇతర అంశాలతో పాటు తమిళానికి సంబంధించిన ఏర్పాటు ఉన్నది. పార్ట్ 5 సేవా కార్యక్రమాలు. పార్ట్ 1 అంటే తమిళం మాత్రమే కాదు. 'తమిళం లేదా ఇతర భాష' అని అర్థం. ఆ ఇతర భాషలలో తెలుగు ఒకటి.

పార్ట్ 4లో ఉన్న షరతును జాగ్రత్తగా వినండి. పన్నెండవ తరగతి వరకు తమిళం చదవకుండా, పార్ట్ 1లో వేరే భాష తీసుకొన్న విద్యార్థి ప్రాథమిక తమిళం రెండు పత్రాలు చదవాలి. వాటి స్థాయి ఆరవ తరగతి స్థాయి. పన్నెండవ తరగతి వరకు తమిళం చదివి, డిగ్రీలో పార్ట్ 1గా వేరే భాష తీసుకొన్న విద్యార్థి ఉన్నత తమిళం రెండు పత్రాలు చదవాలి. ఈ రెండవ వాక్యం మన తరానికి ఎంతో ముఖ్యమైనది. 2006 చట్టం క్రింద తమిళమే చదివి వచ్చిన పిల్లవాడు సైతం డిగ్రీలో తెలుగు తీసుకోవచ్చునని ఆ వాక్యమే చెబుతున్నది. పాఠశాలలో తెలుగు చదవలేదన్న కారణంతో కళాశాలలో అతనికి తలుపు మూయలేదు.

పార్ట్ 1లో ఉత్తీర్ణత లేనిదే డిగ్రీ చేతికి రాదు. అందువలన భాష ఎంపిక అభిమానానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. అది అరియర్ల విషయం, ఉద్యోగం ఆలస్యమయ్యే విషయం కూడా.

ఇంకొక అపోహ ఉన్నది. ప్లస్ టూలో తెలుగు తీసుకొంటే కళాశాల ర్యాంకు తగ్గుతుందని భయపడతారు. ప్రభుత్వ కళా, విజ్ఞాన కళాశాలల సాధారణ ర్యాంకు జాబితాను భాషేతరమైన నాలుగు సబ్జెక్టుల 400 మార్కులతో తయారు చేస్తారు. తమిళ మార్కులు బి.ఎ. తమిళానికి, ఇంగ్లీషు మార్కులు బి.ఎ. ఇంగ్లీషుకు మాత్రమే చూస్తారు. ఇంజనీరింగు ర్యాంకుకు గణితం 100, భౌతికశాస్త్రం 50, రసాయనశాస్త్రం 50, మొత్తం 200 మార్కులే లెక్క. తెలుగు చదివినందువలన ఈ లెక్కలలో మీ బిడ్డకు ఒక్క మార్కు కూడా తగ్గదు.

నిబంధన ఉన్నా తెలుగు ఎందుకు లేదు?

కృష్ణగిరి జిల్లా నుండి ఒక రైతు నా వద్దకు వచ్చారు. ఆయన కుమార్తె ప్లస్ టూలో తెలుగు చదివింది. ఇక్కడి ఒక ప్రైవేటు కళాశాలలో బి.కాం.లో చేర్చబోతే, కౌంటరు దగ్గర 'ఈడ తెలుగు లేదు' అని నోటిమాటగా చెప్పి తమిళం వ్రాయించారట. ఆ అమ్మాయికి అన్ని సబ్జెక్టులలో మంచి మార్కులు వచ్చాయి. తమిళంలో మాత్రం రెండు అరియర్లు మిగిలాయి. 'తెలుగు కావాలని కాగితం మీద అడిగారా?' అని అడిగాను. అడగలేదన్నారు. తరువాత కళాశాలను విచారిస్తే, 'ఆ ఏడు తెలుగు అడిగినవారు ఎవరూ లేరు' అన్న సమాధానం వచ్చింది. వారి రికార్డు ప్రకారం అది నిజమే. నోటితో అడిగినది రికార్డులోకి ఎక్కదు.

తెలుగు శాఖలు ఈ విధంగానే మూతపడుతున్నాయి. అడిగినవారు లేరని తరగతి నడపరు. తరగతి లేదని, అధ్యాపకుడు పదవీ విరమణ చేసిన తరువాత ఆ ఖాళీని నింపరు. అధ్యాపకుడు లేడని మరుసటి ఏడు వచ్చినవారిని త్రిప్పి పంపుతారు. ఇందులో మన వంతు కూడా లేకపోలేదు. తెలుగు తరగతి నడుస్తున్న చోట సైతం, మార్కులు సులభంగా వస్తాయని పిల్లలను ఫ్రెంచిలోనో, సంస్కృతంలోనో, హిందీలోనో చేర్పించే తెలుగు కుటుంబాలు మనకు తెలియనివి కావు.

చట్టం మనకు ఎంతవరకు తోడ్పడుతుందో కూడా నిజాయితీగా చెప్పాలి. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం మాతృభాషలో బోధనకు వసతులు కల్పించమని చెప్పినది ప్రాథమిక దశకే. విశ్వవిద్యాలయ నిబంధన తెలుగు ఎంచుకొనే అవకాశం ఇస్తుంది గాని, ప్రతి కళాశాలా తెలుగు అధ్యాపకుని నియమించి తీరాలని చెప్పదు. అయితే 29(1) అధికరణం మన భాషను కాపాడుకొనే హక్కును, 30(1) అధికరణం మన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కును ఇచ్చాయి. 2002 అక్టోబరు 31న టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం, అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని ప్రాతిపదికగా తీసుకొని తేల్చాలన్నది. ఆ ప్రకారం తమిళనాడులో తెలుగువారు భాషా అల్పసంఖ్యాకులే. తెలుగు అల్పసంఖ్యాక హోదా పొందిన కళాశాలలకు తమ వర్గం విద్యార్థులను చేర్చుకొనే హక్కు ఉన్నది. ఆ హోదా వలన వచ్చే సౌకర్యాలను అనుభవిస్తూ తెలుగు తరగతి నడపని సంస్థ ఏదైనా ఉంటే, దానిని నిలదీసి అడిగే నైతిక హక్కు మీకున్నది.

సరిహద్దు దాటితే

'ఇక్కడ ఇంత కష్టమైతే ఆంధ్రలో చదివించుకొంటాము' అనేవారున్నారు. తిరుత్తణి వారికి నగరి దగ్గర. హోసూరు, వేపనపల్లి వారికి కుప్పం దగ్గర. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసినదీ మూడు రాష్ట్రాలు కలిసే ఆ కుప్పంలోనే. కాని రెండు సంగతులు తెలుసుకొని అడుగు వేయండి.

మొదటిది: 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆంధ్రప్రదేశ్ విద్యాసంస్థలలో 85 శాతం స్థానాలను స్థానికులకు కేటాయించింది. స్థానికత అంటే ఆ ప్రాంతంలో నివాసం, ఆ ప్రాంతంలో చదువు. మాట్లాడే భాష కాదు. తరువాత నియమాలలో మార్పులు వచ్చినా ఆ ప్రాతిపదిక మారలేదు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు ఆంధ్రలోనిదే. అయినా ఈనాడు తిరుత్తణి తెలుగు బిడ్డ తిరుపతిలో స్థానికేతరుడే.

రెండవది: అక్కడ ఇంటర్మీడియట్ చదివి తిరిగి వస్తే ఇక్కడా కొన్ని పోతాయి. ఇంజనీరింగు ప్రవేశానికి ఎనిమిదవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు తమిళనాడులోనే చదివినవారికి నేటివిటీ సర్టిఫికెట్ అక్కరలేదు. నడుమ రెండేళ్ళు బయట చదివితే తాసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగాలి. ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు 2020లో వైద్యవిద్యలోను, 2021లో ఇంజనీరింగు, వ్యవసాయం, న్యాయశాస్త్రం వంటి కోర్సులలోను 7.5 శాతం కేటాయించారు. దానికి ఆరు నుండి పన్నెండు వరకు తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలోనే చదివి ఉండాలి. ప్రభుత్వ తెలుగు మాధ్యమ పాఠశాలలో చదివిన బిడ్డ, ప్లస్ టూ కోసం సరిహద్దు దాటిన నాడే ఆ అవకాశాన్ని వదులుకొంటున్నది.

ఇక్కడే ఉద్యమం పట్టించుకోవలసిన విషయం ఒకటున్నది. ప్రభుత్వ పాఠశాలలలో చదివిన ఆడపిల్లలకు నెలకు 1000 రూపాయలిచ్చే పుదుమైప్పెణ్ పథకం 2022 సెప్టెంబరులో మొదలైంది. 2024 డిసెంబరులో దానిని ఎయిడెడ్ పాఠశాలలకు విస్తరించినపుడు, తమిళ మాధ్యమంలో చదివినవారికే అన్నారు. ఎయిడెడ్ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివిన పేద అమ్మాయి చేసిన తప్పేమిటి? ఈ షరతు సవరణ కోసం మనం గట్టిగా విజ్ఞాపన చేయాలి.

తమిళంతో మనకు వైరం లేదు

ఈ మాటలను తమిళ వ్యతిరేకతగా ఎవరూ అర్థం చేసుకోరాదు. ఈ నేల మీద బ్రతుకుతున్నాము; ఈ నేల భాష నేర్వాలి. 2004లో ఉషా మెహతా కేసులో, మహారాష్ట్రలోని గుజరాతీ పాఠశాలలలో మరాఠీ తప్పనిసరి చేయడం రాజ్యాంగ విరుద్ధం కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే అక్కడ గుజరాతీని తొలగించి మరాఠీని పెట్టలేదు. గుజరాతీతో పాటు పెట్టారు. మనం కోరుతున్నదీ అదే.

పైగా అవసరం కూడా. 2021 డిసెంబరు ఉత్తర్వుతో రాష్ట్ర ప్రభుత్వోద్యోగాల పోటీ పరీక్షలలో తమిళ అర్హత పత్రం వచ్చింది. అందులో 40 శాతం రాకపోతే మిగిలిన పత్రాలు దిద్దరు. కనుక డిగ్రీలో ప్రాథమిక తమిళాన్ని బరువుగా భావించవద్దు. శ్రద్ధగా చదివించండి. పార్ట్ 1లో అమ్మనుడి, పార్ట్ 4లో రాష్ట్ర భాష అన్న విశ్వవిద్యాలయ ఏర్పాటు న్యాయమైనది. పాఠశాల చట్టం సైతం ఇదే దారిలో నడిచి ఉంటే మన పిల్లలు న్యాయస్థానాల మెట్లు ఎక్కవలసి వచ్చేది కాదు.

చేయవలసినవి

1. దరఖాస్తు నింపేముందు ఆ కళాశాల ఏ విశ్వవిద్యాలయానికి చెందినదో చూడండి. తిరువళ్ళూరు జిల్లాకు మద్రాసు విశ్వవిద్యాలయం, వేలూరు ప్రాంతానికి తిరువళ్ళువర్, కృష్ణగిరికి సేలంలోని పెరియార్ విశ్వవిద్యాలయం. నేను చెప్పినవి మద్రాసు విశ్వవిద్యాలయ నిబంధనలు. స్వయంప్రతిపత్తి కళాశాలలు తమ పాఠ్యప్రణాళికను తామే నిర్ణయించుకొంటాయి. ప్రతిచోటా భాషకు సంబంధించిన పుటను అడిగి చదవండి.

2. పార్ట్ 1లో తెలుగు కావాలని కాగితం మీద వ్రాసి ఇవ్వండి. నకలుపై ముద్ర వేయించుకోండి. లేదంటే, లేదన్న మాటను కూడా వ్రాతపూర్వకంగా అడగండి.

3. ఒక్కరే వెళ్ళకండి. ఒకే ఊరి నుండి ఒకే కళాశాలలో చేరేవారు నలుగురైదుగురుంటే కలిసి దరఖాస్తు ఇవ్వండి.

4. ప్రభుత్వ, ఎయిడెడ్ కళాశాలలలో తెలుగు అధ్యాపక పోస్టులెన్ని, ఖాళీలెన్ని అన్నది 2005 సమాచార హక్కు చట్టం క్రింద అడగండి. 350-బి అధికరణం క్రింద ఉన్న భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు ఆ వివరాలతో వ్రాయండి.

5. ఇంజనీరింగు చదువులో పార్ట్ 1 భాష అన్నదే లేదు. కనుక ఆ దారిన వెళ్ళే పిల్లలకు తెలుగు చదువుకొనే చివరి అవకాశం ప్లస్ టూయే. దానిని జారవిడువకండి.

మిత్రులారా, న్యాయస్థానంలో వాదించడానికి నా వంటివారున్నాము. కాని ఎవరూ అడగని హక్కు కోసం ఏ న్యాయవాదీ వాదించలేడు. ఏ న్యాయమూర్తీ ఇవ్వలేడు. వచ్చే ప్రవేశాల కాలంలో, మీ చేతి వ్రాతతో, మీ సంతకంతో, 'మా బిడ్డకు తెలుగు కావాలి' అన్న కాగితాలు సరిహద్దు జిల్లాల కళాశాలల బల్లల మీదికి చేరాలి. వాటి నకళ్ళు మాకు పంపండి. తరువాత చేయవలసినది మేము చేస్తాము.