లూసీ గారింట్లో అన్నం పొంగిన రోజు



మధ్యాహ్నం గిన్నెలు సర్దేసి కాస్త నడుం వాల్చే వేళ, మా అమ్మాయి ఫోనులో పెట్టి ఇచ్చిన పాత అమెరికా హాస్య ధారావాహిక ఒకటి ఈమధ్య చూస్తున్నాను. ఒకసారి చూసినవే రెండోసారీ చూస్తున్నాను. పేరు ‘ఐ లవ్ లూసీ’. 1951 అక్టోబరు నుంచి 1957 మే దాకా అక్కడ సోమవారం రాత్రిళ్ళు వచ్చేదిట. నాకున్నది పదో తరగతి ఇంగ్లీషు, వాళ్ళ మాట వేగం అందదు. అయినా లూసీగా వేసిన లూసిల్ బాల్ మొహం చూస్తూంటే మాటలతో పని లేదనిపిస్తుంది.

కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. మొగుడు రికీ క్లబ్బులో పాటగాడు. పెళ్ళానికి తనూ స్టేజీ ఎక్కాలని సరదా, ఆయన ఎక్కనివ్వడు. అదే ఇంటి యజమానులు ఫ్రెడ్, ఎథెల్ దంపతులు వీళ్ళకి జతగాళ్ళు.

నాకు బాగా నచ్చింది 1952 సెప్టెంబరులో వచ్చిన భాగం. లూసీ ఎవరికో చెక్కు రాసిస్తుంది. బ్యాంకులో డబ్బు లేదు. అంచేత చెక్కు వెనకాల, వచ్చే నెల దాకా దీన్ని ఆపి పుణ్యం కట్టుకోమని బ్యాంకు గుమాస్తాకి ఓ ముక్క రాస్తుంది! మనం కిరాణా కొట్టు అబ్బాయితో ‘ఈ పద్దు వచ్చే నెలలో రాసుకో నాయనా’ అనమూ? అచ్చం అలాగే. రికీ మండిపడతాడు. సంపాదించడం కష్టమా, ఇల్లు నడపడం కష్టమా అని మాటామాటా పెరిగి, ఒకరి పని ఒకరు మార్చుకుంటారు.

మగవాళ్ళు వంటింట్లో దూరారు. బియ్యం ఎన్ని పొయ్యాలో తెలియదు. అన్నం పొంగి, మూత తన్నేసి, పొయ్యి దిగి నేలమీదికి వచ్చేసింది. నేనెంత నవ్వానంటే పక్కింటావిడ ఏమిటని అడిగింది.

ఆడవాళ్ళిద్దరూ చాక్లెట్ల ఫ్యాక్టరీలో కుదిరారు. కదిలే పట్టా మీద చాక్లెట్లు వస్తూంటాయి, కాగితం చుట్టాలి. ఒక్కటి చుట్టకుండా దాటిపోయినా ఉద్యోగం పోతుందని మేస్త్రీ హెచ్చరించింది. పట్టా జోరందుకుంది. చేతులు ఆడక నోట్లో కుక్కుకున్నారు, టోపీల్లో, జాకెట్లలో దాచారు. ఆవిడొచ్చి చూసి, ఏమీ మిగల్లేదు కదా, భేష్ అని, ఇంకా జోరుగా తిప్పమంది!

మొదటిసారి ఇక్కడ ఒట్టి నవ్వే. రెండోసారి మాత్రం ఆగి చూశాను. చుట్టాలు నలుగురు దిగినప్పుడు, మాసిన బట్టలన్నీ మంచం కిందికి తోసి నవ్వు మొహం పెట్టుకు నిలబడతాం. ‘నీకేం కష్టమే, అన్నీ ఇట్టే అవుతాయి’ అని ఇంకో ఇద్దర్ని భోజనానికి పిలుస్తారు. నోట్లో చాక్లెట్లుంటే ఏం చెప్పగలం?

అన్నీ నచ్చాయని కాదు. కొన్ని భాగాల్లో రికీ లూసీని పసిపిల్లలా ఒళ్ళో బోర్లా వేసుకుని కొడతాడు. ఎదురుగా కూర్చున్న ప్రేక్షకులు నవ్వుతారు. మొదటిసారి వాళ్ళతో పాటు నేనూ నవ్వాను, అది ఒప్పుకుంటాను. మళ్ళీ చూసినప్పుడు నవ్వు రాలేదు.

ఇంతా చేస్తే వాళ్ళిద్దరూ నిజంగానే భార్యాభర్తలు. లూసిల్ బాల్ కడుపుతో ఉంటే కథలోనూ అలాగే పెట్టారు. కానీ ఆ మాట టీవీలో అనకూడదన్నారు. మన పెద్దవాళ్ళు ‘ఒట్టి మనిషి కాదు’ అన్నట్టు ఏదో మృదువైన మాట వాడారు. 1953 జనవరి 19న తెర మీద లూసీకి కొడుకు పుట్టాడు, అదే రోజున ఆవిడకీ కొడుకే పుట్టాడు. నాలుగు కోట్లమందికి పైగా ఆ రాత్రి చూశారు. మూడు కెమెరాలతో సినిమా ఫిల్ము మీద తీశారు గనకనే ఈనాడు మనకీ ఇంత శుభ్రంగా కనబడుతోంది.

వాళ్ళు 1960లో విడిపోయారు. 1962లో ఆయన వాటా తనే కొనేసి, ఆవిడ ఆ స్టూడియోకి అధిపతి అయింది. తెర మీద స్టేజీ ఎక్కనివ్వమని బతిమాలుకున్న మనిషి!

మొన్న ఆదివారం ఆ చాక్లెట్ల భాగం మా వారికి చూపించాను. అన్నం పొంగినచోట పడి పడి నవ్వారు. చెక్కు దగ్గర మాత్రం నవ్వలేదు, నా వంక చూశారు.

ఉంటాను. సెలవు.