కలకత్తాలో పేరు పెట్టించుకున్న నీలిపువ్వు

హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, హౌరా వైపు శిబ్‌పూర్‌లో, 1787లో రాబర్ట్ కిడ్ మొదలుపెట్టిన వృక్షోద్యానం ఉంది. అక్కడికి వెళ్ళినవాళ్ళు ముందుగా మహా మర్రిని చూస్తారు. నేను మాత్రం ఆ తోటలో ఏనాడూ బతకలేని ఒక పువ్వు గురించి చెప్పాలనుకుంటున్నాను. అది హిమాలయాల నీలి గసగసాల పువ్వు.

డేవిడ్ ప్రెయిన్ వైద్యుడు. 1887లో ఆ తోటలోని ఎండుమొక్కల భాండాగారానికి క్యూరేటర్‌గా వచ్చారు. బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రిక 1895 సంపుటంలో, సిక్కిం ఎత్తుల నుంచి వచ్చిన ఈ నీలిపువ్వు మొక్కను వర్ణించి మెకనాప్సిస్ గ్రాండిస్ అని పేరు పెట్టారు. ఆ ఏడాదే ఆయన బ్రహ్మదండి జాతుల మీద కూడా ఒక పరిశీలన ప్రచురించారు. మన చేలగట్ల మీద పసుపుపచ్చగా పూసే ఆ ముళ్ళమొక్కదీ గసగసాల కుటుంబమే. మండుటెండలో, గులకనేలలో పెరిగే దాన్నీ, మంచు కింద నిద్రపోయే దీన్నీ ఒకే మనిషి ఒకే బల్ల మీద పరిశీలించడం నాకెంతో ఇష్టమైన సంగతి.

ఈ నీలిపువ్వుకు కావలసినవి కలకత్తాలో దొరకవు. మూడు వేల మీటర్లకు పైన అడవి అంచుల్లో, పొదల నడుమ, చెట్లు సగం ఎండను అడ్డుకునే చోట ఇది పెరుగుతుంది. ఆకులు కుళ్ళి నల్లబడిన పుల్లటి మన్ను కావాలి. అది ఎప్పుడూ తడిగా ఉండాలి, కానీ నీరు నిలవకూడదు. శీతకాలంలో మొక్క పైభాగం ఎండిపోతుంది, వేరు మాత్రం మంచు కింద బతికి ఉంటుంది. వేసవిలో వానమబ్బులు చల్లగా కప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం చల్లటి రాత్రులు. బెంగాల్ మైదానపు ఉక్క రాత్రులకు అది నిలవదు. చలిదేశపు మొక్కల కోసమే 1878లో డార్జిలింగ్‌లో లాయిడ్ తోటను కలకత్తా తోటకు శాఖగా ఏర్పరిచారు.

ప్రెయిన్ 1898లో కలకత్తా తోటకు సూపరింటెండెంట్ అయ్యారు, 1905లో లండన్ దగ్గరి క్యూ తోటకు డైరెక్టర్‌గా వెళ్ళారు. నీలిపువ్వు ఆయన్ని వదలలేదు. 1913లో టిబెట్‌లో తిరిగిన సైనికాధికారి బెయిలీ ఇలాంటిదే మరో నీలిపువ్వును తన పుస్తకంలో అదిమి తెచ్చారు. 1924లో మొక్కల అన్వేషకుడు ఫ్రాంక్ కింగ్‌డన్-వార్డ్ అదే ప్రాంతంలో దాని విత్తనాలు సేకరించారు. 1926లో ఆ మొక్కకు బెయిలీ పేరు పెట్టిందీ, అప్పటికి పదవీ విరమణ చేసిన ప్రెయినే.