వినేవాళ్ల గొంతు



మన పాడ్‌కాస్ట్ మొదట్లో విన్న స్త్రీలు ఇప్పుడెందుకు వినడం లేదు? తప్పు నాలోనూ ఉంది. నలభై నిమిషాలు చట్టాల గురించి నేనే మాట్లాడాను. ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించలేదు.

జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత స్త్రీలు నడిపిన సంఘం రేడియోను గుర్తుచేసుకుందాం. 2008 అక్టోబర్ 15న ప్రసారాలు మొదలయ్యాయి. లైసెన్సు రాకముందే ఏళ్ల తరబడి వాళ్లు క్యాసెట్లు రికార్డుచేసి సంఘాల్లో వినిపించారు. అంటే, ప్రసారం కన్నా ముందే శ్రోతలున్నారు. ప్రసారాలు రాత్రి 7 నుంచి 9 వరకు, పొలం పనులు ముగిసిన వేళ. విత్తనాలు, పంటలు, పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే.

మనమూ ప్రతి భాగాన్నీ సంఘ సమావేశంలో కలిసి విందాం. అక్కడ లేచిన ప్రశ్నతోనే తర్వాతి భాగం మొదలుపెడదాం. తన మాటకు చోటున్న దగ్గరికే మనిషి మళ్లీ వస్తుంది.