మానని పుండు

సంగారెడ్డి జిల్లా సిర్గాపూర్ ప్రాంతమున నల్లవాగు నీటితో పొలము తడుపుకొను రైతు ఒకడు నడుము నొప్పికి సూదిమందు వేయించుకొన్నాడనుకొందము. సూది పడిన చోటు రెండు దినములు నొచ్చి తగ్గినది. నెల గడచిన పిదప అచ్చటనే గడ్డ లేచినది. కోసి చీము తీసిరి. పుండు మానినట్లే మాని మరల రసి కార నారంభించినది. పథ్యము చెడినదని ఇంటివారు, దిష్టి తగిలినదని ఇరుగుపొరుగువారు అందురు. ఇట్టి పుండునకు వేరొక కారణము ఉండవచ్చును. దానిని గూర్చియే నేడు ముచ్చటించుకొందము.

కుష్ఠు సూక్ష్మజీవిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్, క్షయ సూక్ష్మజీవిని 1882లో జర్మనీ దేశీయుడు రాబర్ట్ కోఖ్ కనుగొనిరి. ఈ రెండును మైకోబాక్టీరియా అను ఒకే కుటుంబములోనివి. ఆ కుటుంబమున వీనికి దాయాదులు నూటికి పైగా కలవు. అవి బ్రతుకుటకు మనిషితో పని లేదు. మట్టిలో, చెరువులలో, కుళాయి గొట్టముల లోపలి జిగటలో అవి కాపురముండును. వీనినే క్షయేతర మైకోబాక్టీరియా అందురు. ఊపిరితిత్తులనే గాక చర్మమును, మెడ గ్రంథులను, కీళ్లను, ఎముకలను, కంటిని సైతము ఇవి పట్టగలవు.

1903లో తాబేలునందు కనబడిన జాతికి తాబేటి గ్రీకు పేరే పెట్టి కిలోనే అనిరి. 1926లో చేపలలో దొరికిన మారినమ్ అనునది చేపలు పట్టువారి వ్రేళ్లపై గడ్డలు లేపును. 1953లో అమెరికాలో ఒకరి మోకాలి గడ్డనుండి ఆబ్సెసస్ అను జాతి బయటపడినది. మన హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారు కంటి కార్నియా పొరకు ఇవి సోకిన రోగులను గూర్చి వైద్య పత్రికలలో వ్రాసియున్నారు.

ఈ జీవులు లోపలికి ప్రవేశించు మార్గము ముల్లో, సూదియో, శస్త్రచికిత్స గాయమో అయి యుండును. వీని పైన మైనమువంటి పొర ఉండుటచే కొన్ని క్రిమిసంహార ద్రవములలో సైతము చావవు. ఒత్తిడిగల ఆవిరిలో శుద్ధిచేసిన పనిముట్టును మరల మామూలు కుళాయి నీటితో కడిగినచో చేసిన శుద్ధి అంతయు వ్యర్థము. లాపరోస్కోపీ శస్త్రచికిత్స జరిగిన కొన్ని వారములకు ఆ చిన్న రంధ్రముల వద్దనే గడ్డలు లేచుట మన దేశమున పలుచోట్ల కానవచ్చినది.

ఇచ్చటనే చిక్కు కలదు. రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూచినపుడు ఇవియు క్షయ జీవులవలెనే ఎర్రని కడ్డీలుగా అగపడును. అంతట క్షయ మందులు మొదలగును. కాని త్వరగా పెరుగు జాతులపై ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ పనిచేయవు. రోగి మాసముల తరబడి మందు మ్రింగును. పుండు మాత్రము ఎప్పటివలెనే యుండును. చీమునో కండ ముక్కనో ప్రయోగశాలలో పెంచి చూచినచో ఈ జాతులు సాధారణముగా వారము దినములలోనే తేలును. జాతిని బట్టి క్లారిత్రోమైసిన్, అమికాసిన్ వంటి మందులను మాసముల పాటు వాడవలెను. ఒక్కొక్కపుడు చెడిన కండను కోసి తీయవలసి వచ్చును.

ఇది విని క్షయ మందులు వాడుచున్నవారు తమంతట తామే మానరాదు. మన దేశమున క్షయయే అధికము. వైద్యుని అడిగి పరీక్ష చేయించుకొనుటయే తగిన పని. ఇంకొక మాట: ఈ పుండు గలవారిని వేరుగా కూర్చుండబెట్ట నక్కరలేదు. ఇది ఒకరినుండి ఒకరికి అంటునది కాదు.

మేము కోరునది స్వల్పము. మూడు వారములైనను మానని పుండు ఉన్నచో ఆకుపసరులతో కాలము గడపక ఆసుపత్రికి పొండు. సూది ఏ దినమున పడినది, ముల్లు ఎచ్చట గ్రుచ్చుకొన్నది, ఏ శస్త్రచికిత్స జరిగినది వైద్యునకు చెప్పుడు. మందు మొదలిడుటకు ముందే చీమును పెంపకపు పరీక్షకు పంపుడని అడుగుడు. సూది పడిన తేదీ రోగికి మాత్రమే తెలిసిన విషయము. అది చెప్పినగాని వైద్యునకు అనుమానము కలుగదు.