నిలిపి ఉంచే పని



ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కర్మాగారానికీ, రైల్వే యార్డుకీ వచ్చి స్థిరపడిన కుటుంబాలు భిలాయి-3లో ఎన్నో. కోక్ ఓవెన్లలో పనిచేసిన పెద్దలు మీ ఇళ్లలో ఉంటే అడగండి. ఒకసారి వేడెక్కిన ఓవెన్ల వరుసను (బ్యాటరీని) చల్లారనివ్వరు. చల్లారితే లోపలి సిలికా ఇటుకలు పగులుతాయి. ఉత్పత్తి తగ్గిన రోజుల్లోనూ ఆ వేడిని నిలపడానికి మనుషులు డ్యూటీలో ఉండాల్సిందే. మెదడులోని మూలకణాలకు నాకు ఇంతకన్నా దగ్గరి పోలిక తెలియదు.

ఎదిగిన మెదడులో కొత్త నాడీకణం (న్యూరాన్) పుట్టదని శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మారు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో, పుట్టిన తర్వాత కూడా కొత్త కణాలు వస్తాయని 1965లో జోసెఫ్ ఆల్ట్‌మన్, గోపాల్ దాస్ ఎలుకల్లో చూపించారు. ఏళ్ల తరబడి ఆ మాట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1998లో ఎరిక్సన్, గేజ్ బృందం మనిషి మెదడులోనూ ఆ ఆనవాళ్లు చూసింది.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆ కొత్త కణాలకు జన్మనిచ్చే మూలకణాలు ఏళ్లపాటు తరగకుండా ఉండే తీరు. వాటిలో ఎక్కువ భాగం నిద్రాణంగా ఉంటాయి. ఆ నిద్రకూ కాపలా కావాలి. నాచ్, బీఎంపీ అనే సంకేతాలు ఎడతెగకుండా అందుతూ ఆ కణాలు విభజన చెందకుండా ఆపుతాయి. ఎలుకల్లో ఈ సంకేతాలను అడ్డుకుని చూశారు. మూలకణాలు మేల్కొన్నాయి, న్యూరాన్లు పెద్ద సంఖ్యలో పుట్టాయి. అక్కడితో ప్రయోగం ఆపి ఉంటే గొప్ప విజయమనుకునేవారు. కొంతకాలానికి మూలకణాల నిల్వ తరిగింది, కొత్త కణాల పుట్టుక పడిపోయింది.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధనా సంస్థలో జ్యోత్స్నా ధావన్ ఇదే ప్రశ్నను కండరాల మూలకణాల్లో ఏళ్లపాటు శోధించారు. నిద్రాణమైన కణం తిరిగి లేవడానికి తనను సిద్ధంగా ఉంచుకుంటుందని ఆ పరిశోధన చెబుతుంది.

మనిషి మెదడు విషయంలో వాదం ఇంకా నడుస్తోంది. రోజుకు సుమారు 700 కొత్త న్యూరాన్లు ఒక్కో హిప్పోక్యాంపస్‌లో చేరతాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పెద్దవారిలో తమకు ఒక్కటీ కనిపించలేదని 2018లో అమెరికా బృందం ఒకటి ప్రకటించింది. పెద్దల్లో న్యూరాన్లుగా మారబోయే, విభజన చెందే పూర్వగామి కణాలున్నాయని 2025లో స్వీడన్ బృందం మళ్లీ చూపింది. అయితే మనిషికీ మనిషికీ తేడా చాలా ఎక్కువ.

ఆ తేడా ఎందుకో తేలాలి. ఈరోజు పట్టాలు అందుకున్న మీలో జీవశాస్త్రం చదివినవారు ఈ పని చేపట్టండి. భౌతికశాస్త్రం, కంప్యూటర్లు చదివినవారూ వెనకాడకండి: 2013 లెక్కకు అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆధారమైంది, 2025లో పూర్వగామి కణాలను వెతికి పట్టడానికి మెషీన్ లెర్నింగ్ తోడ్పడింది.